కాలేజీ మిల్లింగ్ మెషిన్ మీద సర్ఫేస్ కాంపోజిట్ చేయొచ్చా? నానో పొడే కొనాలా?

చేయొచ్చు. దీన్ని ఫ్రిక్షన్ స్టిర్ ప్రాసెసింగ్ అంటారు: గిర్రున తిరిగే టూల్‌ని ప్లేటులోకి దించి నడిపితే రాపిడి వేడికి లోహం కరగకుండానే మెత్తబడి, వేసిన పొడి పైపొరలో కలిసిపోతుంది, పొడి కలిసిన ఆ పైపొరే సర్ఫేస్ కాంపోజిట్. నా ఎం.టెక్. ప్రాజెక్టు మొత్తం కాలేజీ వర్క్‌షాపులోని పాత వర్టికల్ మిల్లింగ్ మెషిన్ మీదే చేశాను. 6061 అల్యూమినియం ప్లేటు, సిలికాన్ కార్బైడ్ పొడి, బాలానగర్‌లో వేడికి తట్టుకునే హెచ్13 స్టీలుతో చేయించి హార్డెనింగ్ పెట్టించిన టూల్, అంతే. ప్లేటు కింద మందపాటి స్టీలు ప్లేటు వేసి క్లాంపులు గట్టిగా బిగించండి, అక్కడ వదులుంటే మిగతాదంతా దండగ.

నానో పొడి మాత్రం కొనకండి. ధర చూస్తే గుండె గుభేలుమంటుంది, పైగా అంత సన్నటి పొడి ముద్దలు కట్టేస్తుంది. పిల్లల జేబులోంచి అది కొనిపించే ప్రాజెక్టు గైడ్లంటే నాకు ఒళ్లు మంట. ఈ పద్ధతిలో సర్ఫేస్ కాంపోజిట్ చేయొచ్చని 2003లో రాజీవ్ మిశ్రా బృందం 5083 అల్యూమినియం మీద చూపించినప్పుడు వాళ్లు వాడింది సగటున 0.7 మైక్రాన్ల సిలికాన్ కార్బైడ్. దానితోనే వికర్స్ హార్డ్‌నెస్ (గట్టిదనం కొలత) 85 నుంచి సుమారు 173కి వెళ్లింది.

అసలు కష్టం కలపడంలో ఉంది. మా మొదటి ప్లేటుకి గాడి కోసి పొడి నింపాం, అది బయటికి చిమ్మకుండా ముందు పిన్ (టూల్ కొసన ఉండే చిన్న మొన) లేని టూల్‌తో ఒక పాస్ ఇచ్చి గాడి మూతి మూశాం, తర్వాత పిన్ టూల్ దించాం. పైకి అర్ధచంద్రాకారపు గీతలు ఒకదాని వెనక ఒకటి వరసగా, వేలితో రాస్తే నున్నగా, చూడముచ్చటగా వచ్చింది. అందరూ ఫోటోలు తీస్తుంటే ల్యాబ్ అసిస్టెంటు గారు "అవన్నీ తర్వాత, ముందు అడ్డంగా కొయ్యండి" అన్నారు. కోసి, ఎమరీ కాగితాల మీద అరగదీసి, పాలిష్ చేసి, ఎచింగ్ చేసి మైక్రోస్కోపు కింద పెడితే పొడంతా సరిగ్గా కలపని పులిహోరలో పసుపులా ఒక పక్కనే ఉంది, అడుగున అడ్వాన్సింగ్ సైడు (టూల్ తిరిగే దిశ, ముందుకు నడిచే దిశ ఒకటయ్యే పక్క) వైపు సన్నటి సొరంగం. టేబుల్ ఫీడ్ (ప్లేటు ముందుకు కదిలే వేగం) తగ్గించి, టూల్‌ని ఇంకాస్త లోపలికి దించితే సొరంగం మూసుకుంది. పొడి పరుచుకున్నది మాత్రం అదే దారిలో మళ్లీ మళ్లీ పాస్‌లు ఇచ్చి, మధ్యలో దిశ మార్చిన తర్వాతే.

ఇంకొకటి, ఇది ఎవరూ చెప్పరు. పొడి లేకుండా కూడా ఒక ప్లేటు చేయండి, అదే స్పీడు, అదే ఫీడు, అన్నే పాస్‌లు. టూల్ తిరిగినందుకే గ్రెయిన్లు (లోహంలోని స్ఫటికాలు) సన్నబడతాయి కాబట్టి పెరిగిన బలంలో పొడి వాటా ఎంతో అది లేకుండా తేలదు. మామూలు ప్లేటుతో మాత్రమే పోల్చి పొడి గొప్పదనం చాటే రిపోర్టులు చూస్తే నాకు కోపం వస్తుంది. మీది 6061-టి6 (హీట్ ట్రీట్‌మెంట్ చేసి గట్టిపరిచిన రకం) అయితే ఆ వేడికి, దానికి బలాన్నిచ్చే లోపలి ప్రెసిపిటేట్లు (అతి సన్నటి రేణువులు) కరిగిపోయి, పొడి వేసినా హార్డ్‌నెస్ అసలు ప్లేటు కన్నా తగ్గొచ్చు. అప్పుడు టెన్షన్ పడి రీడింగులు దిద్దకండి, 5083కి బలం ప్రెసిపిటేట్ల నుంచి రాదు కాబట్టి దానికి ఈ బాధ ఉండదు.

పిన్‌ని కూడా ప్రతి పాస్ తర్వాత కొలవండి, సిలికాన్ కార్బైడ్ దాన్ని అరగదీస్తుంది, అరిగిన ఇనుము మీ ప్లేటులోకే పోతుంది. గైడ్ గారు నానో కావాలని పట్టుబడితే రెండు పొడుల కొటేషన్లు పక్కపక్కన పెట్టి చూపించండి, మిగిలిన డబ్బుతో ఎస్‌ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు) ఫోటోలు ఇంకొన్ని తీయించుకోవచ్చు.