అవతలి ఎత్తు చూడందే చెయ్యి కదపకు

చిరంజీవి అమ్మలుకి మామయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన చదరంగం ఆటలన్నీ బల్ల మీద పావులు పేర్చుకుని ఒక్కో ఎత్తూ వేసి చూశాను. కింద "స్ట్రాటజీ తెలియక ఓడిపోతున్నా మామయ్యా, మంచి పుస్తకం ఏదైనా చెప్పు" అని రాశావు. పుస్తకాలు ఎక్కడికీ పోవు. ఈ ఆటల్లో ఒక్కటి కూడా నువ్వు స్ట్రాటజీ తెలియక పోగొట్టుకోలేదు.

తెల్లపావులతో ఆడిన ఆఖరి ఆట తీసుకో. క్యాస్లింగ్ చేసి రాజుని పక్కకి చేర్చేశావు, నీ రాజు జి1 గడిలో ఉన్నాడు (నిలువు వరసకి అక్షరం, అడ్డ వరసకి అంకె), ముందున్న మూడు బంట్లూ కదల్లేదు. అవతలివాడు ఏనుగుని డి8కి తెచ్చి, ఖాళీగా ఉన్న డి వరసలో నిలబెట్టాడు. నీ కళ్ళు మాత్రం ఎ7లో కాపలా లేని బంటు మీద ఉన్నాయి. ఎ1లో ఉన్న ఏనుగుతో సరాసరి వెళ్ళి దాన్ని కొట్టేశావు. వాడి ఏనుగు డి1కి దిగింది, ఆటకట్టు. రాజు పక్కకి తప్పుకుందామంటే దారికి అడ్డం నీ బంట్లే. ఆ ఎత్తుకి నువ్వు తీసుకున్నది నాలుగు సెకన్లు. గడియారంలో ఇంకా తొమ్మిది నిమిషాలున్నాయి.

ఇదే బొమ్మని పజిల్‌గా పెట్టి "నల్లపావుల ఎత్తు, ఏం ఆడాలి?" అని అడిగితే చిటికెలో చెప్పేదానివి. పజిల్ అన్నాక అక్కడ ఏదో ఉందని ముందే తెలుసు. ఆటలో ఆ మాట ఎవరూ చెప్పరు. అందుకే ప్రతిసారీ నిన్ను నువ్వే ప్రశ్నించుకోవాలి: వాడు ఇప్పుడు ఆ పావుని అక్కడ ఎందుకు పెట్టాడు? నేను అనుకున్న ఎత్తు వేశాక వాడు ఏ చెక్ ఇస్తాడు, ఏది కొడతాడు? ఇది అడగడానికి పది సెకన్లు చాలు. నీ ఆటలో సగం ఓటములు ఈ పది సెకన్లతోనే తగ్గిపోతాయి.

పెద్దయ్యాక ఆట మొదలుపెట్టినవాళ్ళందరికీ ఈ చిక్కు ఉంటుంది. పిల్లలకి ప్లాన్ ఉండదు, కనబడిన పావుని కొడతారు. మనకి ప్లాన్లు బోలెడు తడతాయి. తట్టిన వెంటనే దాన్నే పట్టుకుని వేలాడతాం. అవతలివాడి ఎత్తు మన ప్లాన్‌కి మధ్యలో తగిలే ఆటంకంలా అనిపిస్తుంది తప్ప, వాడికీ ఒక ప్లాన్ ఉందని తోచదు. ఆఫీసులో పదిమంది నీ మాట వింటారు, ఇక్కడ ఒక్క బంటు కూడా వినదు. దానికి అలవాటు పడటమే మొదటి పాఠం.

ఇదంతా కొత్తవాళ్ళ గొడవే అనుకోకు. 2024 డిసెంబరులో సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ ఆఖరి ఆట, 14వది, నెట్‌లో దొరుకుతుంది, చూడు. మన గుకేశ్, అప్పటి ప్రపంచ చాంపియన్ చైనావాడు డింగ్ లిరెన్ చెరో ఆరున్నర పాయింట్లతో ఉన్నారు. చెరో ఏనుగు, చెరో బిషప్ (ఐమూలగా నడిచే పావు) మిగిలాయి, గుకేశ్‌కి ఒక బంటు ఎక్కువ. చూస్తున్నవాళ్ళంతా డ్రా అనే అనుకున్నారు. డ్రా అయితే మర్నాడు టైబ్రేక్, అంటే విజేతని తేల్చే పొట్టి ఆటలు. 55వ ఎత్తులో డింగ్ తన ఏనుగుని ఎఫ్2లో పెట్టి ఏనుగులు మార్చుకుందాం రమ్మన్నాడు. మార్చుకున్నాక గుకేశ్ తన బిషప్‌ని డి5లో పెట్టాడు. డింగ్ బిషప్ అదే గీత చివర, ఎ8 మూలన ఇరుక్కుని ఉంది. ఎటూ పోలేదు, అదీ మారక తప్పలేదు. మిగిలిన బంట్ల ఆట గుకేశ్‌ది. గంటల తరబడి ఆడి అలిసిపోయి, ఏదో ఒకటి తేల్చేద్దామనిపించే సమయంలో ప్రపంచ చాంపియనే ఒక్క ఎత్తు చూడలేదు. గుకేశ్ అందులో పెద్ద మాయ ఏమీ చేయలేదు. డ్రా అని అందరూ అంటున్నా ఎత్తు తర్వాత ఎత్తు వేస్తూ అవతలి మనిషిని ఆలోచిస్తూ ఉండేలా చేశాడు, అంతే.

కాబట్టి ఇంకో రెండేళ్ళ పాటు నువ్వు ఏ ఆటా మధ్యలో వదిలేయకు. మంత్రి పోయినా సరే ఆడు. నీ స్థాయిలో అవతలివాళ్ళు కూడా తిరిగి మంత్రిని ఇచ్చేస్తారు, నేను చూస్తూనే ఉన్నాను.

ఇక టెన్షన్ సంగతి. పావు పోయిన వెంటనే చకచకా ఆడేస్తున్నావు, ఆ సిగ్గు తొందరగా తుడిచేసుకోవాలన్నట్టు. రెండో తప్పు అక్కడే జరుగుతోంది. పోయిన వెంటనే చేతులు బల్ల కింద పెట్టుకో, మంచినీళ్ళు తాగు, ఈ ఆట ఎవరో సగంలో వదిలి వెళ్తే నువ్వు వచ్చి కూర్చున్నావనుకుని బోర్డు మొత్తం మళ్ళీ చూడు. పావు గెలిచినప్పుడు కూడా ఇదే పని చెయ్యి. నిజానికి అప్పుడే ఎక్కువ ప్రమాదం, పని అయిపోయిందనిపిస్తుంది కనుక.

రాత్రి పదకొండింటికి ఓడిపోయి "ఇంకొక్క ఆట" అని మొదలుపెట్టినవి కూడా నువ్వు పంపినవాటిలో ఉన్నాయి. టైము చూసి పట్టేశాను. వరసగా రెండు ఓడితే యాప్ మూసేయ్. మూడోది నువ్వు ఆడవు, నీ ఉక్రోషం ఆడుతుంది.

రేటింగ్ (ఆట స్థాయిని చెప్పే అంకె) గురించి ఒక లెక్క చెప్తాను, మనసు కుదుటపడుతుంది. నీకంటే రెండు వందల పాయింట్లు ఎక్కువున్నవాళ్ళతో ఆడితే, లెక్క ప్రకారం నాలుగు ఆటలకి నీకు రావాల్సింది సుమారు ఒక పాయింటే. అంటే ఓడిపోవడం అక్కడ మామూలు సంగతి, గెలిస్తే పండగ. అలాగే నీకంటే తక్కువున్నవాళ్ళు అప్పుడప్పుడు నిన్ను ఓడించడం కూడా ఆ లెక్కలోనే ఉంది.

మన గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2024లో న్యూయార్క్‌లో ప్రపంచ ర్యాపిడ్ (త్వరగా ముగిసే ఆటల) టైటిల్ గెలిచిన టోర్నమెంటులో మొదటి రౌండే ఓడిపోయింది. చివరికి పదకొండు ఆటలకి ఎనిమిదిన్నర పాయింట్లు. ఆమె ఆటతో మనకి పోలిక పెట్టుకోవద్దు గానీ, ఓడిన తర్వాత రెండో రౌండ్‌కి వెళ్ళి కూర్చునే పద్ధతి మాత్రం నేర్చుకోవచ్చు.

స్ట్రాటజీ అడిగావు కనుక కొంచెం చెప్తాను. ఏం ఆడాలో తోచనప్పుడు, పెళ్ళింట్లో పని లేకుండా కుర్చీలో కూర్చున్న బంధువులా నీ పావుల్లో ఏది ఉందో వెతుకు. నీ ఆటల్లో చాలావాటిలో అది సి8లో ఉండే బిషప్. డి7, ఇ6 గళ్ళల్లో నీ బంట్లే దాని దారి మూసేస్తాయి, ముప్పయ్యో ఎత్తు దాకా అది అక్కడే. దానికి పని ఇవ్వడమే ఆ రోజుకి నీ ప్లాన్. బంటుని ముందుకి తోసేటప్పుడు మాత్రం రెండుసార్లు ఆలోచించు, అది ఒక్కటే వెనక్కి రాదు. పావు ఎక్కువున్నప్పుడు పావులు మార్చుకో, తక్కువున్నప్పుడు మార్చుకోకు. ఓపెనింగ్స్ (ఆట మొదట్లో వేసే ఎత్తుల వరసలు) ఇప్పుడు బట్టీ పట్టకు. ఇటాలియన్ అనే ఓపెనింగ్ ఒకటి అర్థం చేసుకుని ఆడు, చాలు.

దానికి బదులు రాజు, బంటు ముగింపులు నేర్చుకో. తెల్లరాజు ఇ5లో, బంటు దాని వెనక ఇ4లో, ఎదురుగా నల్లరాజు ఇ7లో. తెల్లవాళ్ళ వంతైతే డ్రా, నల్లవాళ్ళ వంతైతే తెల్లవాళ్ళ గెలుపు. పావులు అవే, గళ్ళు అవే, ఎవరి వంతు అన్నదొక్కటే తేడా. ఎందుకో తెలిసేదాకా మీ పాపతో అటూ ఇటూ మార్చి ఆడు. ఇది ఒంటబట్టిందంటే ఆట మధ్యలో ఏ పావు మార్చుకోవాలో నీకే తెలుస్తుంది.

వయసుతో జ్ఞాపకశక్తి తగ్గిందని నసుగుతున్నావు. 1973లో చేజ్, సైమన్ అనే ఇద్దరు పరిశోధకులు మాస్టర్‌కీ కొత్తవాడికీ బోర్డు కొన్ని సెకన్లు చూపించి, మళ్ళీ పేర్చమన్నారు. నిజమైన ఆటలోని స్థితైతే మాస్టర్ చాలావరకు పేర్చేశాడు. పావుల్ని అడ్డదిడ్డంగా పెట్టి చూపిస్తే అతనికీ కొత్తవాడికీ పెద్ద తేడా లేదు. మాస్టర్ బుర్ర పెద్దదని కాదు, ఆ రూపాలు అంతకుముందే వేలసార్లు చూసిన కళ్ళు అతనివి. అందుకే రోజూ కొత్త పజిల్స్ కోసం ఎగబడకుండా, ఒక వంద సులువైనవి పట్టుకుని చూడగానే జవాబు తట్టేదాకా తిప్పి తిప్పి చెయ్యి. లిచెస్ అనే వెబ్‌సైట్‌లో పజిల్స్ అన్నీ ఉచితమే. మూడు నిమిషాల బ్లిట్జ్ మానేసి, పదిహేను నిమిషాలకి ఎత్తుకి పది సెకన్లు కలిసే ఆట ఆడు. ఆట అయ్యాక కంప్యూటర్‌ని అడిగే ముందు, ఎక్కడ భయపడ్డావో, ఎక్కడ తొందరపడ్డావో రెండు వాక్యాలు నీ చేత్తో రాసుకో. ఏ ఎత్తు తప్పో కంప్యూటర్ చెప్తుంది గానీ, ఆ ఎత్తు నువ్వు ఎందుకు వేశావో దానికి తెలియదు.

వచ్చే నెల టోర్నమెంటుకి పేరు ఇచ్చానన్నావు, మంచిది. ముట్టుకున్న పావునే ఆడాలి, ఏ చేత్తో పావు కదిపావో ఆ చేత్తోనే గడియారం నొక్కాలి, ఎత్తు వేశాకే స్కోరు షీటులో రాయాలి. జేబులో ఫోను దొరికితే ఆట పోయినట్టే లెక్క, అందుకని బయట ఎవరికైనా ఇచ్చి వెళ్ళు. ఎదురుగా కుర్చీలో కాళ్ళు నేలకి ఆనని పిల్లాడు కూర్చుంటాడు. ముద్దొస్తున్నాడని చూడకు, వాడి స్పీడుకి నువ్వు తగ్గట్టు ఆడబోకు. వాడు ఎత్తు వేసి లేచి పక్క బోర్డులు చూడటానికి వెళ్తాడు. ఆ టైము నీది, వాడుకో.

స్కోరు షీట్లు ఫోటో తీసి పంపు, ఓడినవి ముందు. అమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు,
మామయ్య