7.4 మైక్రాన్ల దగ్గర ఒక బక్క గుంట

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ‘అంతరిక్షంలో ఆల్కహాల్’ అని శీర్షిక పెట్టి, మొదటి పేరాలోనే జేమ్స్ వెబ్ టెలిస్కోప్‌కి ఇథనాల్ కనిపించేసిందన్నావు. దానికి కనిపించింది ఇథనాల్ కాదయ్యా. పసి నక్షత్రం వైపు నుంచి, దాని చుట్టూ ఉన్న మంచు గుండా వచ్చే పరారుణ కాంతి కొన్ని తరంగదైర్ఘ్యాల దగ్గర కాస్త తగ్గి, గ్రాఫ్ గీతలో గుంట పడింది, అంతే. ఆ గుంట ఫలానా అణువుదని చెప్పింది భూమ్మీద ల్యాబ్‌లో గీసిపెట్టుకున్న వర్ణపటం, అంటే అలాంటి గ్రాఫే. ఆ ల్యాబ్‌కి నువ్విచ్చింది ఒక్క వాక్యం.

చాలా ఏళ్ల క్రితం అలాంటి ల్యాబ్ ఒకటి చూడ్డానికి వెళ్లాను. లోపల గాలంతా తోడేసిన ఉక్కు గది, మధ్యలో బిళ్లంత పలక. దాన్ని 10 కెల్విన్లకు, అంటే మైనస్ 263 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరిచారు. సన్నటి గొట్టంలోంచి ఆవిరి వదిలితే పలక మీద మంచు పేరుకుంటుంది, డీప్ ఫ్రీజర్ గోడలకు పట్టినట్టే. కంటికి ఏమీ కనబడదు. స్క్రీన్ మీద మాత్రం 4.3 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర (మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) గీత దిగి ఉంది. ‘‘కార్బన్ డయాక్సైడ్ మంచేనా?’’ అని ఉత్సాహంగా అడిగాను. ‘‘మన ఊపిరి సార్’’ అన్నాడు అక్కడి కుర్రాడు. కాంతి వెళ్లే దారిలోకి గది గాలి చొరబడిందట. పొడి నైట్రోజన్ పంపి దాన్ని తరిమేదాకా కొలత మొదలుపెట్టలేదు. గంట సేపు ఊరికే కూర్చున్నాం. ఆ గంటని నేను వ్యాసంలో రాయలేదు. ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

వాయువులో అణువు గిరగిరా తిరుగుతుంది కాబట్టి రేడియో టెలిస్కోపులకు దాని గీతలు సన్నగా, విడివిడిగా దొరుకుతాయి. మంచులో ఇరుక్కుంటే పండగ రోజు బస్సులో నిలబడ్డవాడి పరిస్థితే. తిరగలేదు, ఉన్నచోటే ఊగాలి. పక్కన నీరుందా, కార్బన్ మోనాక్సైడ్ ఉందా అన్నదాన్ని బట్టి ఆ ఊగడమూ మారి, గుంట కొంచెం జరుగుతుంది. అందుకే ఒక్కో అణువునీ విడిగా, నీటితో కలిపి, మిథనాల్‌తో కలిపి, ఉష్ణోగ్రత మారుస్తూ మళ్లీ మళ్లీ కొలుస్తారు. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో శాస్త్రవేత్త మేయో గ్రీన్‌బర్గ్ 1975లో మొదలుపెట్టిన ల్యాబ్ ఇలాంటి కొలతలకు పేరుపడింది.

నువ్వు రాసిన మరో అణువు ఎసిటాల్డిహైడ్ సంగతే చూడు. దాని గుంటల్లో లోతైనది 5.8 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. గుర్తుపట్టడానికి అది పనికిరాదు, ఫార్మాల్డిహైడ్‌ది కూడా అక్కడే పడుతుంది. పట్టిచ్చేది 7.43 దగ్గరున్న బక్క గుంట. నేనైతే వ్యాసం అక్కడే మొదలుపెడతాను.

2024లో వెబ్ ఫలితాలు ప్రకటించినవాళ్లు ఇథనాల్, ఎసిటాల్డిహైడ్ విషయంలో ధీమాగానే ఉన్నారు. వెనిగర్‌కి పులుపునిచ్చే ఎసిటిక్ ఆమ్లం దగ్గర మాత్రం ‘ఉండొచ్చు’ అన్నారు. నువ్వు మూడింటినీ ఒకే గాటన కట్టి ‘కనుగొన్నారు’ అనేశావు. వెనిగర్ అంటే జనం చదువుతారని తెలుసులే. అయినా ఆ ‘ఉండొచ్చు’ని మింగేయకు.

తిరగరాసే ముందు మీ ఊళ్లో ఏదైనా ఫార్మసీ కాలేజీకి వెళ్లు. పరారుణ వర్ణపటం గీసే ఎఫ్‌టీఐఆర్ యంత్రం ఉంటే ఇథనాల్ చుక్క వేయించి చూడు. అంకెలు సెంటీమీటరుకు ఇన్ని తరంగాలని చూపిస్తుంది, 10,000ని ఆ అంకెతో భాగిస్తే మైక్రాన్లు వస్తాయి. 1380 దగ్గర ఏం కనబడిందో నాకు రాయి.