నొప్పి ఉన్నంత మాత్రాన ఆఫీసుకు బాకీ పడ్డట్టు కాదు

“ఏళ్ళ తరబడి నొప్పితో ఉద్యోగం చేసేవాళ్ళు తమ మీద తమకు గౌరవం పోకుండా ఎలా నెట్టుకొస్తారు?” అని అడిగారు. ప్రభుత్వ బ్యాంకులో క్యాషియరుగా చేసినదాన్ని, రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్ళు వాచి నొప్పెట్టే జబ్బు) ఉన్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. నొప్పి ఉందన్న సిగ్గుతో మనంతట మనం నెత్తికెత్తుకునే అదనపు చాకిరీ ఉంది చూడండి, ముందు దాన్ని మానండి.

ఈ జబ్బులో పొద్దున్నే వేళ్ళు బిగుసుకుపోతాయి. సడలడానికి గంట పైనే పడుతుంది. మధ్యాహ్నానికి అదే చెయ్యి చకచకా నోట్లు లెక్కపెడుతుంది. ఇక ఎవరు నమ్ముతారు?

మా స్ట్రాంగ్‌రూముకు రెండు తాళంచెవులు. ఒకటి క్యాషియరు దగ్గర, రెండోది అధికారి దగ్గర. ఒకరిది ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు. ఒక చలికాలం, ఒకటో తారీఖు. బయట పింఛనుదారులు బారులు తీరి ఉన్నారు. నా తాళంచెవి తిరగడం లేదు. తాళం బాగానే ఉంది, నా బొటనవేలే నొక్కలేకపోతోంది. చివరికి తాళంచెవి కన్నంలో పెన్ను దూర్చి, మణికట్టుతో నెట్టాను. పెన్ను విరిగింది, తలుపు తెరుచుకుంది. మేనేజరు గారు గడియారం చూసుకుంటూ, “ఎందుకమ్మా ఈ అవస్థ, ఇంటిపట్టున ఉండొచ్చు కదా” అన్నారు. తిట్టినా అంత మండేది కాదు.

ఆ రోజు భోజనానికి లేవలేదు. పక్క కౌంటరు వోచర్లు కూడా నేనే సర్దాను, ఎవరూ అడగకుండానే. నొప్పి ఉన్నవాళ్ళందరూ ఇదే చేస్తారని నా గట్టి నమ్మకం. పళ్ళ బిగువున ఓర్చుకున్నందుకు జీతంలో ఒక్క రూపాయి కలవదు.

బంధువుల సంగతి ఇంకొకటి. ఈ జబ్బుకు నేను వాడే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకునే మాత్ర. నేను శనివారం రాత్రి వేసుకుంటాను, ఆదివారమంతా కడుపులో తిప్పుతుంది. పెళ్ళికి వెళ్ళకపోతే పొగరు, వెళితే “చూడటానికి బాగానే ఉన్నావే!” ఆ వెంటనే ఒక నూనె పేరు చెప్పి, అది రాసుకోమని సలహా.

చట్టమూ అంతే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, వాటిలో ఈ జబ్బు పేరు లేదు. రిజర్వేషన్ల వంటి వాటికి 40 శాతం వైకల్యం తేలాలి. కీలు ఎంత వంగుతుందో కొలుస్తారు సరే, తెల్లవారుజామున అది పెట్టే బాధను ఏ కొలబద్దతో కొలుస్తారు?

ఇప్పుడు క్యాష్ వదిలి, ఖాతాలు తెరిచే సీటు అడిగి తీసుకున్నాను. “సుఖమైన సీటు కొట్టేసింది” అన్నారు. అన్నవాళ్ళే తమ ఇంటి రుణం కాగితాలు సరిచూడమని నా దగ్గరకు వస్తున్నారు. ముందు నా పని అయ్యాకే చూస్తున్నాను.

మీరూ సీటు మార్చమని అడగండి. అయితే కాగితం మీద రాసి, డాక్టరు చీటీ జతచేసి, అందినట్టు సంతకం తీసుకోండి. నోటిమాటగా అడిగితే, ఆ మేనేజరు బదిలీ కాగానే కథ మళ్ళీ మొదటికొస్తుంది.