సొంత సూదే వాడినా హెచ్‌ఐవీ సోకుతుందా?

మీ తమ్ముడు మత్తుమందును ఇంజెక్షన్‌గా తీసుకుంటున్నాడనీ, ‘ఎవరి సూదీ ముట్టను’ అని గట్టిగా చెబుతున్నాడనీ, అయినా హెచ్‌ఐవీ భయం ఉంటుందా అనీ అడిగారు. ఉంటుంది. ఆరేళ్లపాటు నేనూ అదే మాట చెప్పుకుంటూ తిరిగినవాణ్ణి, మానేశాక కొత్త సూదులు ఉచితంగా ఇచ్చే ఒక కేంద్రంలో పనిచేసినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మాకు సూది విషయంలో ఉన్న ఎంగిలి పట్టింపు చెంచా విషయంలో ఉండేది కాదు. ముగ్గురికీ మూడు సిరంజిలు ఉండేవి గానీ, మందు కరిగించే చెంచా, వడగట్టే దూది ఉండ, సిరంజిలు కడిగే నీళ్ల గ్లాసు మాత్రం ఒక్కటే. చివరి మనిషి వంతు వచ్చేసరికి ఆ నీళ్లు లేత గులాబీ రంగుకు తిరిగి ఉండేవి. అది ఎవరి రక్తమని మాలో ఒక్కరూ అడగలేదు. వైరస్ ఆ నీళ్ల ద్వారా, దూది ద్వారా కూడా ఒకరి నుంచి మరొకరికి చేరగలదు. వాడి పడేసిన సిరంజిలో అయితే, అక్కడి వేడిని బట్టి, 42 రోజుల వరకూ బతికి ఉండగలదు.

హెచ్‌ఐవీ ఉన్నవారి సూదిని ఒకసారి వాడితే సోకే అవకాశం సగటున 10,000లో 63 అని అంచనా. వినడానికి తక్కువగానే ఉంటుంది. కానీ హెరాయిన్ తీసుకునేవారు రోజుకు మూడు నాలుగు సార్లు పొడుచుకుంటారు, కొకైన్ మత్తు త్వరగా దిగిపోతుంది కనుక ఆ లెక్క ఇంకా పెరుగుతుంది. పైగా కొత్తగా సోకిన వారాల్లో రక్తంలో వైరస్ అత్యధికంగా ఉంటుంది, ఆ సమయంలో పరీక్షలో ఏమీ తేలకపోవచ్చు కూడా.

తెలియకపోవడం కన్నా తొందరే మమ్మల్ని ఎక్కువగా దెబ్బతీసింది. మందు అందక ముక్కు కారుతూ, కడుపు మెలిపెడుతూ, ఒళ్లంతా వణుకుతున్న ఒక రాత్రి నా సిరంజి విరిగిపోతే, పక్కవాడిది కడిగి వాడాను. నాకు హెచ్‌ఐవీ రాలేదు, కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ సి వైరస్ వచ్చింది. అది సూదుల ద్వారా ఇంకా సులభంగా అంటుకుంటుంది, అయితే ఇప్పుడు మాత్రలతో నయమవుతుంది. పోలీసులకు దొరుకుతామన్న భయంతో జేబులో సూది ఉంచుకోనివారు, జైల్లో ఉన్నవారు, తమంతట తాము పొడుచుకోవడం రానివారు కూడా ఇలాగే చిక్కుకుంటారు. కేంద్రానికి వచ్చే స్త్రీలలో చాలామందికి భర్తో స్నేహితుడో ముందు తాను తీసుకుని, ఆ తర్వాత అదే సూదితో పొడిచేవాడు. కండోమ్ లేని సంభోగం సంగతి సరేసరి.

మీ తమ్ముడిని ఇప్పుడే మానెయ్యమని పోరు పెడితే మీకు చెప్పకుండా తీసుకుంటాడు, అంతే. వాడేది హెరాయిన్ వంటి మందైతే, వైద్యుల పర్యవేక్షణలో దానికి బదులుగా ఇచ్చే మెథడోన్ గానీ బుప్రెనార్ఫిన్ గానీ మొదలుపెడితే ఆ వణుకూ తగ్గుతుంది, హెచ్‌ఐవీ ముప్పూ తగ్గుతుంది. అంతవరకూ సూదితో పాటు చెంచా, దూది, నీళ్లు కూడా ప్రతిసారీ కొత్తవే, తనవే కావాలి. హెచ్‌ఐవీ సోకకుండా ముందుజాగ్రత్తగా రోజూ వేసుకునే ప్రెప్ మాత్రల గురించి వైద్యుణ్ణి అడగండి. ఎప్పుడైనా పొరపాటు జరిగితే 72 గంటలు దాటకుండా, వైరస్ ఒంట్లో నిలదొక్కుకోకుండా ఆపే పెప్ మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. రక్తపరీక్ష ఈ వారమే చేయించండి. చివరిసారి పంచుకుని 45 రోజులు (వేలి నుంచి రక్తం తీసి చేసే పరీక్షకైతే 90 రోజులు) నిండకపోతే, ఆ గడువు దాటాక మరోసారి చేయించాలి.