ఇంటి కంప్యూటర్ – మీ ప్రశ్నలు: బొమ్మ ఆగిపోయి మాట వినిపిస్తుంటే...

ప్రశ్న: నమస్కారమండీ. మా పాత డెస్క్‌టాప్‌ని హాల్లో టీవీ కింద చెక్క అరలో పెట్టుకుని, కోడి (Kodi) అనే వీడియో ప్లేయర్ ప్రోగ్రామ్‌లో సినిమాలు చూస్తున్నాం. ఇంటెల్ ఐ5 నాలుగో తరం, 8 జీబీ ర్యామ్, విండోస్ 10. టీవీ 4కే. పాత సినిమాలు హాయిగా ఆడతాయి. మా అమ్మాయి పెళ్లి వీడియో మాత్రం జీలకర్ర బెల్లం దాకా బాగానే వచ్చి, మాంగల్యధారణ దగ్గరకొచ్చేసరికి బొమ్మ బిగుసుకుపోతుంది. మంత్రాలు, మేళం వినిపిస్తూనే ఉంటాయి. మెషిన్ ఆపి కాసేపాగి ఆ చోటి నుంచే పెడితే మళ్లీ ఆడుతుంది. వీడియో యూఎస్‌బీ హార్డ్‌డిస్క్‌లో ఉంది. షాపులో ర్యామ్ 16 జీబీ చేయించమన్నారు. చేయించమంటారా?
– పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: వద్దమ్మా, ర్యామ్ కొనకండి. ఏ కంప్యూటర్ నెమ్మదించినా ముందు ర్యామ్ మాటే చెప్పడం చాలా షాపుల్లో అలవాటైపోయింది. గుంటూరు బ్రాడీపేటలో నా దగ్గరికి రిపేరుకు వచ్చేవాళ్లలో అలా డబ్బు పోగొట్టుకున్నవాళ్లను చూస్తుంటే బాధేస్తుంది. వీడియో ఆడుతుండగా టాస్క్ మేనేజర్ తెరిచి మెమరీ చూడండి. సగమో ముప్పాతికో వాడుతుంటే ర్యామ్‌కి ఈ గొడవతో సంబంధం లేదు.

జబ్బు ఏమిటో మీ ఉత్తరంలోనే ఉంది. బొమ్మ, మాట రెండూ ఒకేసారి ఆగితే డిస్క్ నుంచో నెట్‌వర్క్ నుంచో డేటా అందడం లేదని అర్థం. మీకు మాట వస్తోంది, బొమ్మ ఆగుతోంది. అంటే డేటా అందుతోంది, బొమ్మను విప్పే పని ప్రాసెసర్‌కి మోయలేనిదవుతోంది. పైగా కాసేపాగి పెడితే అదే చోటు నుంచి ఆడుతోందన్నారు. ఫైలు పాడైతే అలా జరగదు. వేడెక్కినప్పుడు జరిగేది ఇదే.

పాత సినిమాలు చాలావరకు హెచ్.264 అనే, వీడియోను కుదించి దాచే పద్ధతిలో ఉంటాయి. దాన్ని విప్పే ప్రత్యేక భాగం మీ ఐ5 లోపలే ఉంది కాబట్టి ప్రాసెసర్‌కి శ్రమ లేదు. ఇప్పటి 4కే పెళ్లి వీడియోలు ఎక్కువగా దాని తర్వాతి పద్ధతి హెచ్.265లో వస్తున్నాయి. ఆ ప్రమాణం ఆమోదం పొందింది, మీ నాలుగో తరం చిప్ వచ్చింది, రెండూ 2013లోనే. అందుకే ఆ చిప్‌లో దీనికి ఏర్పాటు లేదు. ఇంటెల్ ఆరో తరంలో 8 బిట్ వీడియోకి, ఏడో తరంలో రంగుల ఛాయలు ఎక్కువుండే 10 బిట్‌కి కూడా ఆ సౌకర్యం ఇచ్చింది. మీ దగ్గర మొత్తం భారం ప్రాసెసర్ మీదే పడుతోంది. మూసి ఉన్న చెక్క అర, బెజవాడ ఎండ, ఫ్యాన్‌లో పేరుకున్న దుమ్ము తోడైతే చిప్ వంద డిగ్రీల దగ్గరకు చేరుతుంది. అక్కడ కాలిపోకుండా తన వేగం తనే తగ్గించుకుంటుంది. మాంగల్యధారణ దగ్గర మీరు చూస్తున్నది అదే అని నా గట్టి నమ్మకం.

మీరే తేల్చుకోవచ్చు. వీడియో ఆడుతుండగా కీబోర్డు మీద ‘ఓ’ అక్షరం నొక్కితే కోడి తెర మీద వివరాలు చూపిస్తుంది. వీడియో డీకోడర్ పక్కన హెచ్‌డబ్ల్యూ అని ఉంటే ప్రత్యేక భాగం పనిచేస్తున్నట్టు, ఎస్‌డబ్ల్యూ అని ఉంటే ప్రాసెసరే మోస్తున్నట్టు. తర్వాత టాస్క్ మేనేజర్‌లో సీపీయూ (ప్రాసెసర్) పేజీలో వేగం చూపే గిగాహెర్ట్‌జ్ అంకె మీద కన్నేసి ఉంచండి. బొమ్మ ఆగే సమయానికి, పని నిండుగా ఉన్నా, ఆ అంకె బాగా కిందికి పడిపోతే వేడి సంగతి ఖాయం.

ఇక చేయాల్సింది. మెషిన్‌ని ఇవాళే అరలోంచి బయటికి తీసి, చుట్టూ జానెడు ఖాళీ ఉండేలా పెట్టండి. ప్లగ్ పీకేశాక బ్లోయర్‌తో దుమ్ము కొట్టించండి. ఆ గాలికి ఫ్యాన్ రెక్కలు గిర్రున తిరగకుండా వేలితో పట్టుకోవాలి. ప్రాసెసర్ మీద వేడిని బయటికి లాగడానికి పూసే థర్మల్ పేస్ట్ ఇన్నేళ్లలో ఎండిపోయి ఉంటుంది, కొత్తది రాయించండి. వీటికి పెద్ద ఖర్చేమీ కాదు.

దీంతో వేడి తగ్గుతుంది కానీ హెచ్.265 భారం పోదు. దానికి పైసా ఖర్చు లేని దారి ఒకటుంది. హార్డ్‌డిస్క్‌ని తిన్నగా టీవీ యూఎస్‌బీకే పెట్టి చూడండి. 4కే టీవీలు చాలావరకు హెచ్.265ని తామే విప్పుకుంటాయి. డిస్క్ ఫార్మాట్‌ని బట్టి కొన్ని టీవీలు చదవవు. అలాగైతే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ‘ఫాస్ట్ 1080పీ30’ ఎంచుకుని, హెచ్.264లో ఇంకో కాపీ చేసుకోండి. గంటలు పడుతుంది, ప్రాసెసర్ బాగా వేడెక్కుతుంది. అందుకని దుమ్ము దులిపాకే, రాత్రి పూట ఫ్యాన్ కింద పెట్టి చేయండి. అసలు ఫైలును మాత్రం చెరపవద్దు. గ్రాఫిక్స్ కార్డు వేయించుకోవచ్చు గానీ, ఒక్క వీడియో కోసం ఆ ఖర్చు ఎందుకమ్మా?

మీరు అడగని సంగతి ఒకటి నన్ను ఎక్కువ కంగారు పెడుతోంది. అమ్మాయి పెళ్లి వీడియో ఆ ఒక్క డిస్క్‌లోనే ఉందా? అలాగైతే పై పనులన్నిటికంటే ముందు ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసి, దాన్ని అమ్మాయి ఇంట్లో ఉంచండి. తర్వాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పాత డిస్క్‌ను పరీక్షించండి. పసుపు రంగులో ‘కాషన్’ అని చూపిస్తే ఇక దాని మీద ఆధారపడకండి.

ప్రశ్న: పడకగది కంప్యూటర్‌లోని సినిమాలను వైఫై మీద హాల్లో చూస్తాం. పగలు బాగానే ఉంటుంది. సాయంత్రం బొమ్మ, మాట రెండూ ఆగి ఆగి వస్తాయి. మాది అపార్ట్‌మెంట్.
– పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: రెండూ కలిసి ఆగుతున్నాయి కాబట్టి మీది డేటా సమస్య. సాయంత్రం అన్ని ఫ్లాట్లలోనూ వైఫై వాడకం పెరిగి 2.4 గిగాహెర్ట్‌జ్ బ్యాండ్ కిక్కిరిసిపోతుంది. బ్లూరే నుంచి తీసిన సినిమాలో వీడియోకే సెకనుకు 40 మెగాబిట్ల దాకా కావాలి. రెండు మెషిన్లనూ 5 గిగాహెర్ట్‌జ్‌కి మార్చి చూడండి. మధ్యలో గోడలు ఎక్కువగా ఉండి అది అందకపోతే రౌటర్ నుంచి రెండింటికీ క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్ లాగించండి. గోడ మీద కేబుల్ కనిపిస్తుందని ఇంట్లోవాళ్లు ఒప్పుకోకపోతే, కనీసం సినిమాలున్న పడకగది కంప్యూటర్‌నైనా కేబుల్‌తో కలపండి. అప్పుడు ప్రతి సినిమా పడకగది నుంచి రౌటర్‌కి, రౌటర్ నుంచి హాల్లోకి రెండుసార్లు వైఫై మీద ప్రయాణించాల్సిన పని తప్పుతుంది.