యోగా థెరపీ చదువుతానంటే వద్దనకండి, ఆ ఆరు వారాల కోర్సుకు మాత్రం డబ్బు కట్టకండి

పరకాల దగ్గరి నుంచి ఒక తండ్రి అడిగారు. పాప ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది, నీట్ క్వాలిఫై అయింది కానీ ఎంబీబీఎస్ సీటు వచ్చే ర్యాంకు కాదు. వాళ్ల పెద్దమ్మ కొడుక్కి డిగ్రీలో ఉండగా పానిక్ అటాక్స్ వస్తుంటే హన్మకొండలో ఒక సైకాలజిస్టుకు చూపించారు, ఆమెనే పొద్దున పూట యోగా క్లాసుకు కూడా పొమ్మంది, ఏడాదికి పిల్లాడు తేరుకున్నాడు. అది చూసినప్పటి నుంచి పాప 'నేను అట్ల యోగా నేర్పే థెరపిస్టునైతా' అంటోందట. ఇంతలో ఆయన ఫోనుకు ఒక ప్రకటన వచ్చింది: ఆరు వారాలు, ఆన్‌లైన్, 45 వేలు, 'హోలిస్టిక్ హీలర్' సర్టిఫికెట్. 'మేడం, ఇది కట్టాల్నా, లేకపోతే నీట్ మళ్లీ రాయడానికి లాంగ్ టర్మ్ కోచింగ్‌లో వేయాల్నా?' అన్నది ప్రశ్న.

అన్నా, ముందు ఆ 45 వేలు జేబులోనే ఉంచుకోండి. లాంగ్ టర్మ్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

పాప చూసింది తప్పు కాదు, కానీ సగమే చూసింది. ఆ పిల్లాడికి వైద్యం చేసింది సైకాలజిస్టు, యోగా దానికి తోడుగా నడిచింది. వారానికి ఒక గంట మాట్లాడి ఇంటికొచ్చాక మిగతా ఆరు రోజులు నిద్ర పట్టక, ఒళ్లంతా బిగుసుకుపోయి, తిండి సరిగా తినక ఉంటే ఆ గంటలో నేర్చుకున్నది నిలవదు, అందుకే శ్వాస, నడక, వ్యాయామం, ధ్యానం, సంగీతం లాంటివి పక్కన పెట్టుకుంటారు. ఓ మోస్తరు డిప్రెషన్‌కు క్రమం తప్పని వ్యాయామం పనిచేస్తుందని గట్టి ఆధారాలే ఉన్నాయి, ఆందోళనకు యోగా విషయంలోనూ ఆశాజనకంగానే ఉంది. ఇప్పుడు అందరూ అంటున్న మైండ్‌ఫుల్‌నెస్ (జరుగుతున్న క్షణం మీదే మనసు నిలపడం) కూడా 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ కబాట్-జిన్ ఒక కార్యక్రమంగా మొదలుపెట్టిందే. మన బెంగళూరులోని పెద్ద మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో సైకియాట్రీతో పాటు యోగా కూడా నడుస్తోంది. రాళ్లు, శక్తి తరంగాలు, దూరం నుంచి హీలింగ్ అనేవి మాత్రం ఈ లెక్కలోకి రావు. నా మాట కఠినంగా ఉంటే ఉండనీయండి.

ఆరు వారాల కోర్సు ఎందుకు వద్దంటున్నానో ఒక ఉదాహరణతో చెప్తాను. బైపోలార్ సమస్య (మనసు కొన్నాళ్లు పట్టరాని ఉత్సాహంలోకి, కొన్నాళ్లు తీవ్రమైన దిగులులోకి పోయే జబ్బు) ఉన్న చాలామంది లిథియం అనే మందు వేసుకుంటారు. అలాంటి మనిషి మీ పాప దగ్గరికి వచ్చాడనుకోండి, ఈమె మంచి మనసుతోనే 'ఉప్పు మానేయండి, మూడు రోజులు ఉపవాసం ఉండండి, ఒళ్లు శుద్ధి అవుతుంది' అంది. ఉప్పు, నీళ్లు ఒక్కసారిగా తగ్గితే కిడ్నీలు లిథియాన్ని బయటికి పంపకుండా పట్టేసుకుంటాయి, రక్తంలో అది పెరిగి చేతులు వణకడం, వాంతులు, మతి తప్పడం, ప్రాణం మీదికి కూడా రావచ్చు. అలాగే మేనియాలోనో (అదుపు తప్పిన ఉద్రేకం) సైకోసిస్‌లోనో (లేనివి ఉన్నట్టు అనిపించే స్థితి) ఉన్న మనిషితో జోరుగా భస్త్రిక, కపాలభాతి చేయించినా, గంటల తరబడి ధ్యానంలో కూర్చోబెట్టినా బెడిసికొట్టే ప్రమాదం ఉంది. ఈ పనిలో ఆసనాలు రావడం చిన్న సంగతి, 'ఈ మనిషిని నేను ముట్టుకోకూడదు, డాక్టరు దగ్గరికి పంపాలి' అని గుర్తుపట్టడమే అసలు చదువు. అది ఆరు వారాల్లో రాదు.

నేనూ ఒకసారి ఇలాంటి పొరపాటే చేశాను, చెప్పుకోవాలి. కొన్నేళ్ల కింద డిగ్రీ అయిన ఒక అమ్మాయిని కోర్సు పేరు బాగుంది కదా అని ఒక ఆరు నెలల కౌన్సెలింగ్ డిప్లొమాకు పంపించాను. ఆ కాగితం ఏ ఆసుపత్రిలోనూ చెల్లలేదు. ఆ పిల్ల నన్నేమీ అనలేదు గానీ, అప్పటి నుంచి ఎవరు ఏ కోర్సు చెప్పినా నా మొదటి ప్రశ్న ఒక్కటే: ఇది ఏ చట్టం కింద ఉంది, చదివాక పేరు ఏ రిజిస్టర్లో ఎక్కుతుంది?

ఆ ప్రశ్నతో మీ పాప దారులు చూద్దాం. నీట్ క్వాలిఫై అయింది అన్నారు కాబట్టి బీఏఎంఎస్ ఉంది, అంటే ఆయుర్వేద వైద్య డిగ్రీ, ఐదున్నరేళ్లు. ఎక్కువ దూరం పోనవసరం కూడా లేదు, వరంగల్‌లోనే అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది, సీట్ల కౌన్సెలింగ్ చేసేది మన కాళోజీ హెల్త్ యూనివర్సిటీయే. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: ఆయుర్వేదంలో మనోవిజ్ఞానం, మానసరోగాల మీద మూడేళ్ల ఎండీ చేస్తే 2017 నాటి మెంటల్ హెల్త్‌కేర్ చట్టం వాళ్లను మానసిక ఆరోగ్య నిపుణులుగానే గుర్తిస్తుంది. దారి పొడుగే, ఎండీ సీట్లూ తక్కువే, కానీ గట్టి దారి.

పాప మనసు యోగా మీదే ఉంటే బీఎన్‌వైఎస్, అంటే ప్రకృతి వైద్యం, యోగా డిగ్రీ. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్, హైదరాబాద్‌లో గాంధీ ప్రకృతి వైద్య కళాశాల ఉంది. నాకు ఆ పాపకు ఇదే సరిపోతుందనిపిస్తోంది, ఎందుకంటే ఇందులో శరీర నిర్మాణం నుంచి రోగ నిర్ధారణ దాకా అన్నీ చదివిస్తారు. ఒక మెలిక మాత్రం ఉంది. 2020లో భారతీయ వైద్య విధానాలకు జాతీయ కమిషన్ వచ్చినప్పుడు యోగా, నేచురోపతిని అందులో చేర్చలేదు, కాబట్టి రిజిస్ట్రేషన్ రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. చేరే ముందే కాలేజీలో ఈ ముక్క అడగండి, తలాతోకా లేని జవాబిస్తే సీనియర్లను పట్టుకోండి.

ఎవరూ అడగని కోర్సు ఆక్యుపేషనల్ థెరపీ. స్కిజోఫ్రెనియా నుంచి కుదుటపడ్డ మనిషి మళ్లీ పొద్దున్నే లేచి స్నానం చేయడం, బజారుకెళ్లి కూరగాయలు తేవడం, కొట్లో కూర్చోవడం, ఇవన్నీ మెల్లగా అలవాటు చేయించే పని ఇది. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్ చట్టం కిందికి వస్తుంది. మన దగ్గర కాలేజీలు తక్కువ, చదివినవాళ్లూ తక్కువ, అదే దీని బలం కూడా.

లేదు, మాట్లాడి బాగు చేసే సైకాలజిస్టునే అవుతానంటే డిగ్రీ, పీజీ, ఆపైన రీహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన క్లినికల్ సైకాలజీ చదువు కావాలి, ఆ కోర్సుల్లో ఈమధ్య మార్పులు జరుగుతున్నాయి కాబట్టి కౌన్సిల్ వెబ్‌సైట్లో చూశాకే ఫీజు కట్టండి. మ్యూజిక్ థెరపీ, డాన్స్ థెరపీ లాంటివి ఒక గట్టి డిగ్రీ మీద అదనంగా చేసుకునేవి. (బతుకమ్మ ఆడి ఇంటికొచ్చిన ఆడవాళ్ల ముఖాలు చూస్తే డాన్స్ థెరపీ ఎందుకు పనిచేస్తుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదనిపిస్తుంది, కానీ బతుకమ్మ ఆడటం వేరు, జబ్బు మనిషితో ఆడించడం వేరు.) ఆయుష్ శాఖ కింద యోగా సర్టిఫికేషన్ బోర్డు ఇచ్చే సర్టిఫికెట్లు కూడా ఉన్నాయి, చదువుకుంటూ పక్కన చేసుకోవచ్చు.

డబ్బు సంగతి దాచను. వీటిలో దేంట్లోనైనా మొదటి రెండు మూడేళ్లు జీతం చిన్నదే. ఒకరిద్దరు సైకాలజిస్టులు, సైకియాట్రిస్టుల నమ్మకం సంపాదించి వాళ్లు మనుషుల్ని పంపడం మొదలయ్యాకే నిలదొక్కుకుంటారు.

లాంగ్ టర్మ్ అంటారా, పాపకు డాక్టరే కావాలని ఉంటే వేయండి, మీ కోసం అయితే వద్దు. ఇంకో మాట, ఇది మెల్లగా అడగండి: అన్నను చూసి ఇష్టపడిందా, లేక నీట్ టెన్షన్లో తనకే ఏమైనా అవుతోందా? తనకే ఏదో అవుతోంది అంటే కోర్సు ఎంపిక రెండు నెలలు ఆగినా నష్టం లేదు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ కూడా ఉంది.

ఆ ప్రకటన వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే లిథియం వేసుకునే మనిషి వస్తే ఏం చేయమని నేర్పిస్తారో అడిగి చూడండి. కాళోజీ యూనివర్సిటీ నోటిఫికేషన్ రాగానే ర్యాంకు కార్డు, కుల ధ్రువీకరణ పత్రం, స్టడీ సర్టిఫికెట్లు తీసుకుని పాపను కూడా వెంటబెట్టుకుని రండి, ఆప్షన్లు కూర్చుని పెడదాం.