కయెతానో వెలోజో ఇంగ్లీషులో పాడినందుకే ప్రపంచానికి తెలిశారా?

మీరు అడిగింది ఇది: బ్రెజిల్ గాయకుడు కయెతానో వెలోజో పోర్చుగీసుతో పాటు ఇంగ్లీషు, స్పానిష్, ఇటాలియన్‌లో కూడా పాడారు కదా, ఆయనకు బయటి దేశాల్లో పేరు వచ్చింది ఇంగ్లీషు వల్లేనా? తెలుగులో సొంతంగా పాటలు రాసుకునే నేను కూడా ఇంగ్లీషుకి మారాలా?

నా సమాధానం, రెండింటికీ కాదనే. ఉద్యోగం మీద సావో పౌలోలో ఉన్నప్పుడు నాకు పోర్చుగీసు వంటబట్టింది చాలావరకు ఆయన పాటలతోనే. నేను కూడా పాటలు కట్టుకుంటాను కాబట్టి ఈ ప్రశ్న నాకు బాగా దగ్గరిది.

ఆయన ఇంగ్లీషులో రాయడం వెనక కెరీర్ ప్లాన్ ఏమీ లేదు. 1942లో బాయియా రాష్ట్రంలోని సాంతో అమారో అనే చిన్న ఊళ్లో పుట్టారు. 1960ల చివర్లో సాటి గాయకుడు జిల్బెర్తో జిల్‌తో కలిసి జానపదాన్నీ ఎలక్ట్రిక్ గిటార్‌నీ కలిపేసి 'ట్రోపికాలియా' అనే సంగీత ఉద్యమం తెచ్చారు. అప్పుడక్కడ సైనిక పాలన. 1968 డిసెంబర్‌లో ఇద్దరినీ అరెస్టు చేసి జైల్లో పెట్టారు. వదిలాక కూడా బాయియా రాజధాని సాల్వడోర్ దాటి వెళ్లనివ్వలేదు. చివరికి 1969లో దేశమే విడిచిపొమ్మన్నారు. అలా లండన్ చేరి 1972 దాకా అక్కడే ఉండిపోయారు.

1971లో వచ్చిన ఆల్బమ్ వినండి. దాదాపు అంతా ఇంగ్లీషే. లండన్ మీద రాసిన పాటలో మాటలు చాలా చిన్నవి, కొత్తగా భాష నేర్చుకున్నవాడి మాటలు. వీధుల్లో తిరుగుతుంటాడు, భయం లేదు, పలకరించేవాళ్లూ లేరు. కళ్లు మాత్రం ఆకాశంలో ఎగిరే పళ్లాల కోసం వెతుకుతుంటాయి. ఇంకో పాటలో చెల్లెలు మరియా బెతానియాని ఉత్తరం రాయమని అడుగుతాడు, అదీ ఇంగ్లీషులోనే. తన భాష వినపడని ఊళ్లో కూర్చుని రాసిన పాటలవి. ఆ ఒంటరితనానికి ఆ కొద్దిపాటి ఇంగ్లీషే సరిపోయింది.

ఆ ఆల్బమ్ చివర్లో మాత్రం ఈశాన్య బ్రెజిల్ గాయకుడు లూయిజ్ గొంజాగా పాట 'అజా బ్రాంకా' పోర్చుగీసులో వస్తుంది. కరువుకి పశువులు చచ్చిపోతే ఊరు వదిలి, వానలు పడగానే తిరిగొస్తానని మాటిచ్చే మనిషి పాట. కయెతానో గొంతులో అది మాటలు దాటిపోయి మూలుగులా సాగుతుంది. సావో పౌలోలో మా కొలీగ్ వాళ్లమ్మగారు కరువులు ఎక్కువగా ఉండే ఆ ఈశాన్య ప్రాంతం నుంచి వలస వచ్చినావిడ. ఓ ఆదివారం వాళ్లింట్లో ఎవరో గిటార్ మీద ఈ పాట అందుకోగానే, వంటింట్లోంచి గరిటె పట్టుకుని వచ్చి, గుమ్మానికి ఆనుకుని చివరిదాకా పాడింది. నాది పాలమూరు. ఆ పాట నాకు ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది.

లండన్‌లోనే రికార్డు చేసిన 'ట్రాన్సా' (1972) నాకు అన్నిటికన్నా ఇష్టం. అందులో ఇంగ్లీషూ పోర్చుగీసూ ఒకే పాటలో కలిసిపోతాయి. ఇంగ్లీషు వాక్యం నడుస్తుండగానే బ్రెజిల్ పాత పాటల చరణాలు తోసుకొస్తాయి. ఇంకో పాట బ్రెజిల్ 17వ శతాబ్దపు కవి గ్రెగోరియో ది మాతోస్ పద్యంతో, బెరింబావు అనే ఒంటితీగ వాయిద్యంతో మొదలై తొమ్మిది నిమిషాలకు పైగా నడుస్తుంది. బయటివాళ్లకి అర్థం కావాలని ఎక్కడా పల్చన చేయలేదు.

మిగతా భాషలు కూడా ఇలాగే వచ్చాయి. చిన్నప్పుడు రేడియోలో విన్న లాటిన్ అమెరికా పాటలన్నీ 1994లో స్పానిష్‌లో పాడారు. స్పెయిన్ దర్శకుడు పెడ్రో అల్మొదోవార్ 2002 సినిమాలో ఆయన మెక్సికో పాట పాడే సీను చూసి అభిమానులైనవాళ్లు చాలామంది. ఇటాలియన్ పాటలు అక్కడి సినీ దర్శకుడు ఫెలీనీ మీద ప్రేమతో పాడినవి. ఎక్కువగా అమెరికన్ పాటలతో ఇంగ్లీషు ఆల్బమ్ చేసింది 2004లో, అరవై దాటాక. అయితే 2000లో ఆయనకి గ్రామీ తెచ్చిపెట్టిన 'లివ్రో' మాత్రం పోర్చుగీసు ఆల్బమ్. మీ మొదటి ప్రశ్నకి ఇంతకన్నా రుజువు అక్కర్లేదనుకుంటా.

మన బాలు గారు నాలుగు భాషల్లో జాతీయ అవార్డులు తీసుకున్నారు కదా అని మీకు అనిపించవచ్చు. అది ఇంకో రకం గొప్పతనం. సినిమా పాటల్లో మాట రాసే కవి ఆ భాషవాడే ఉంటాడు. సొంతంగా రాసుకునేవాళ్లకి ఆ ఆసరా ఉండదు. గొంతు కన్నా ముందు మాట ఇబ్బంది పెడుతుంది. మనం మాత్రలు లెక్కవేసి పాట కడతాం. పోర్చుగీసులో, ఇంగ్లీషులో పదంలో ఏ అక్షరం మీద నొక్కు పడుతుందో అదే తాళం దెబ్బ మీద కూర్చోవాలి, లేకపోతే మంచి వాక్యం కూడా ఎబ్బెట్టుగా ఉంటుంది. ఉచ్చారణ సంగతికొస్తే, 'కొరసావ్ఁ' లాంటి పదాల్లో ముక్కుతో పలికే చివరి ధ్వని నాకు తేలిగ్గానే పట్టుబడింది. గమకాలు తగ్గించుకోవడమే కష్టమైంది. ఆ పాటల్లో గొంతు పక్కన కూర్చున్నవాళ్లతో మాట్లాడుతున్నట్టు నెమ్మదిగా ఉండాలి.

కాబట్టి తెలుగు వదలకండి. మీ జీవితంలో నిజంగా ఇంగ్లీషులోనే జరిగినది ఏదైనా ఉంటే, హాస్టల్ గానీ ఆఫీసు గానీ విదేశంలో గడిపిన రోజులు గానీ, ఆ ముక్క వరకు ఇంగ్లీషులో రాసి తెలుగు చరణం మధ్యలో పెట్టి చూడండి. రికార్డు చేసి, పుట్టుకతో ఆ భాష మాట్లాడేవాళ్లకి వినిపించి, నొక్కులు ఎక్కడ తప్పాయో అడగండి. అంతకన్నా ముందు 'ట్రాన్సా' హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా ఒక్క బిగిన వినండి.